మామ్మ బుగ్గలోని గుడ్డ

స్టూడియో వెనక విశ్రాంతి గది
జూన్ మొదటి వారం

చెల్లికి,

ఆశీర్వాదాలన్నీ రేడియోలో పంచేసి వచ్చాను, నీకు మిగల్లేదు. ఈసారికి ఇలాగే చదువుకో. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావట. మైకు ముందు తప్ప నోరు తెరవొద్దని గొంతు డాక్టరు గట్టిగా చెప్పాడు. తెరిచినా సుఖం లేదులే. మొన్న గ్యాస్ బండ కోసం ఫోన్ చేస్తే అవతలి మనిషి "అయ్యో, మేడమీది మామ్మా! మీరేనా!" అని ఏడ్చినంత పని చేశాడు. బండ మాత్రం పంపలేదు. అందుకని ఇకమీదట ఉత్తరాలే.

ఇవాళ జరిగింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తిండి సహించేలా లేదు. స్టేషన్‌కి నేను నాటికలో వేసే మామ్మ పేరు మీద ఒక పార్శిల్ వచ్చింది. నా పేరు మీద ఏనాడూ ఏమీ రాదనుకో. విప్పితే చేతిరుమాలు, రుమాలులో కట్టుడు పళ్ళు. పై వరసా కింది వరసా రెండూ. చిగుళ్ళ రంగు వెలిసిపోయి, ఒక మూల ఏదో పచ్చగా ఇరుక్కుని ఉంది. కూడా ఒక చీటీ: "మా అమ్మ ఈమధ్యే పోయింది. పళ్ళు లేక మీరు పడే అవస్థ రోజూ వింటున్నాం. శుభ్రంగా కడిగాం, వాడుకోండి."

పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చాను. వచ్చేసరికి మా ప్రొడ్యూసర్ ఆ పళ్ళని అరచేతిలో పెట్టుకుని కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఎంత అభిమానం మేడమ్! కింద హాల్లో అద్దాల పెట్టెలో పెడదాం" అన్నాడు. పెట్టాడు కూడా. రోజూ ఆ పళ్ళని దాటుకుని లోపలికి వెళ్ళాలి నేను.

ఏముందే ఆ నాటికలో? ఒక ముసలిది మేడమీద గదిలో ఉంటుంది. కింద వాటాల వాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చి గోల చెప్పుకుంటారు. అది "ఎందుకొచ్చావ్?" అని కసురుతుంది, మెట్లమీద నీళ్ళు ఒలికించారని తిడుతుంది, ఆపైన "ఆఁ, చెప్పవే. నేనెక్కడికి పోతాను!" అంటుంది. ఆదివారం తప్ప రోజూ సాయంత్రం ఇదే. ముప్పై అయిదేళ్ళుగా ఇదే. ఇలాంటి మనిషి నిజంగా ఇంట్లో ఉంటే తాళం వేసి పారిపోతారు. రేడియోలో ఉంటే పళ్ళు పంపిస్తారు.

అసలు సంగతికి వస్తాను. రికార్డింగ్ అయ్యాక ప్రొడ్యూసర్ తల గోక్కుంటూ వచ్చాడు.

"మేడమ్, మీరేమనుకోకండి. మీ గొంతు ముసలిదైపోతోంది."

"ముసలిదాని గొంతు ముసలిది కాక పడుచుదవుతుందా?"

"అది కాదు మేడమ్. మామ్మది ముసలి గొంతే. మీది వేరే ముసలి."

ఒళ్ళు మండిపోయింది. ఇరవై నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ముసలి గొంతు పెట్టాను. ఇప్పుడు నిజంగా ముసలిదాన్నయ్యేసరికి ఆ గొంతుకి పనికి రాకుండా పోయాను. దవడపళ్ళు నాలుగు ఊడిపోయాక నోట్లో ఖాళీ పెరిగి మాట డొల్లగా వస్తోంది, అంతే. కాబట్టి బుగ్గల్లో పెట్టుకోవడానికి నువ్వు కుట్టే గుడ్డ ఉండలు ఈసారి పెద్దవి కుట్టు. అదే మెత్తటి మల్లు గుడ్డ, అవే దారాలు. ఎడమది మరీ పెద్దదిగా ఉండాలి. త్వరగా పంపు. ఆ గొంతు పోతే నాకు మిగిలేది నా గొంతే. దాన్ని ఇంతవరకు ఎవరూ వినలేదు.

అక్క

*

కుట్టు దుకాణం
జూన్ ఆఖరు

అక్కకు,

చేతికి అంటిన మిషన్ నూనె తుడుచుకుని, నమస్కారం పెట్టి రాస్తున్నాను. ఇది ఉత్తరానికి జవాబు కాదు, ముందు పోట్లాట.

ఆ పళ్ళు పంపినవాళ్ళని ఏమీ అనకు. తల్లి పోయింది. ఆవిడ బట్టలు ఎవరికో ఇచ్చేసి ఉంటారు, మంచం మడిచేసి ఉంటారు. పళ్ళు ఎవరికి ఇస్తారు? పారెయ్యడానికి చెయ్యి రాలేదు. లోకంలో పళ్ళు కావలసిన మనిషి ఒక్కరే గుర్తొచ్చారు. నాకైతే కళ్ళు చెమర్చాయి. నువ్వు సబ్బు పెట్టి కడుక్కున్నావు. మనిద్దరం ఒక తల్లి పిల్లలమేనా అని మీ మరిది నవ్వుతున్నారు.

మా దుకాణంలో సాయంత్రం మామ్మ వచ్చే వేళకి మిషన్లన్నీ ఆగిపోతాయి. నేను ఆపమనను, అవే ఆగుతాయి. కాజాలు కుట్టే ఆవిడ ఉంది చూడు, పొద్దున్నించీ నోట్లో నాలుక లేనట్టు కూచుంటుంది. మామ్మ రాగానే "అదిగో, మెట్లమీద నీళ్ళు చూసింది, ఇప్పుడు తిడుతుంది" అని ముందే చెప్పి మురిసిపోతుంది. తిట్టు తెలుసు, తిట్టే మాట తెలుసు. అయినా రోజూ అంతే సంబరం. ఎందుకమ్మా అంటే, "మా ఇంట్లో ఎవరు ఏ మొహంతో లోపలికొస్తారో తెలీదండీ. మొన్న నవ్విన మనిషి నిన్న గిన్నె విసిరాడు. మామ్మ అట్లా కాదు. నిన్న ఎట్లా తిట్టిందో ఇవాళా అట్లాగే తిడుతుంది" అంది. ఆదివారం వస్తే ఆవిడకి ఏమీ తోచదట. సోమవారం దాకా గోళ్ళు గిల్లుకుంటూ కూచుంటుందట.

మా అమ్మాయి పిచ్చుక అక్కడే, మీ ఊళ్ళోనే ఏదో ఆఫీసులో చేరింది. హాస్టల్లో ఉంటోంది. తీరిక దొరికితే వస్తుందిలే, నువ్వు దానికోసం ఎదురుచూడకు. చిన్నప్పుడు నా బొత్తాల పెట్టెలోంచి గుడ్డముక్కలు తీసి బుగ్గల్లో కుక్కుకుని, నీలాగా తిడుతూ పరుపుమీద గెంతేది, గుర్తుందా?

అన్నట్టు, మామ్మ నవ్వు ఎలా తెప్పిస్తావక్కా? ఆ దగ్గుతో కలిసిన నవ్వు. ఇక్కడ మేమంతా ప్రయత్నించి ఓడిపోయాం. ఊరికే అడిగాను. కొలత చూసుకుని ఉండలు కుడతాను.

నీ చెల్లి

*

స్టూడియో వెనక విశ్రాంతి గది
జూలై

చెల్లికి,

ఆదివారం తోచని మనిషికి కాజాలు కాదు, వైద్యం కావాలి. నీకూ కావాలి. మిషన్లు వాటంతటవే ఆగుతాయట! కాళ్ళు తియ్యకుండా ఆగుతాయా?

నవ్వు సంగతి అడిగావు. ఇన్నేళ్ళలో నా పని గురించి నువ్వు అడిగిన మొదటి ప్రశ్న ఇదే కాబట్టి చెబుతున్నాను. ఆ నవ్వు నవ్వితే రాదు. ముందు ఉమ్మి మింగాలి. మైకుకి వినిపించేలా మింగాలి, ముసలివాళ్ళు అలాగే మింగుతారు. తర్వాత ఊపిరి సగం వదిలెయ్యాలి. కుడి ఉండని నాలుకతో చెంపకేసి నొక్కిపెట్టి, మిగిలిన ఊపిరితో ముక్కులోంచి మొదలుపెట్టాలి. పూర్తిగా నవ్వకూడదు, మధ్యలో తెంచి దగ్గాలి. ఆ దగ్గుకి జనం పడిపడి నవ్వుతారు. గుడ్డకి పట్టిన ఉమ్మి గడ్డం మీదికి కారుతుంటుంది నాకు. అది చూస్తే నీ కాజాల ఆవిడ జన్మలో రేడియో పెట్టదు.

మొన్న బస్టాపులో వేరుశనగ గింజలు కొనుక్కుని నములుతున్నాను, ముందు పళ్ళతోనే అనుకో. ఎవరో పెద్దమనిషి పక్కనే నిలబడి చూస్తున్నాడు. బస్సెక్కి టికెట్ అడిగేటప్పుడు నా గొంతు పట్టేశాడు. "మీరు మామ్మ కదూ! గింజలు ఎలా నములుతున్నారు? మీకు పళ్ళు లేవుగా?" అన్నాడు. అది నాటకమయ్యా, నేను వేరు అన్నాను. ముఖం మాడ్చుకుని "అంటే ఇన్నాళ్ళూ మోసం చేశారన్నమాట" అని దిగిపోయాడు. ఇంకా వాడి స్టాపు రాలేదే, దిగి నడిచి పోయాడు! మామ్మ లేదంటే నమ్మేవాడు ఒక్కడూ లేడు. నేనున్నానంటేనే నమ్మరు. ఇలాంటివాళ్ళ కోసమా నేను ఇన్నేళ్ళు గుడ్డలు నమిలింది? థూ!

ఇక్కడ ఏదో నడుస్తోంది. నేను వెళ్ళిపోయాక ఎవరో పిల్లని పిలిపించి గొంతు పరీక్ష చేస్తున్నారు. సౌండ్ ఇంజనీరు నన్ను చూసి నేలచూపులు చూస్తున్నాడు. మైకు దగ్గరి గ్లాసుకి నాది కాని పెదవుల రంగు అంటుకుని ఉంది. నా గ్లాసది! ప్రొడ్యూసర్‌ని నిలదీస్తే, "మేడమ్, జనం మామ్మని వదులుకోలేరు కదా" అని నీళ్ళు నమిలాడు. నన్ను మాత్రం వదులుకోగలరట. ఆ మాట వాడనలేదు, వాడి మొహం అంది.

కొత్త ఉండలు వస్తే చూపిస్తాను వీళ్ళకి. ఇంకా ఎందుకు పంపలేదు? పిచ్చుక ఈ ఊళ్ళోనే ఉంటే ఒక్కసారీ నా గుమ్మం తొక్కలేదేం? వాళ్ళ పెద్దమ్మ కరుస్తుందని చెప్పావా?

అక్క

*

కుట్టు దుకాణం
జూలై ఆఖరు

అక్కకు,

క్షణం తీరిక లేదు, స్కూలు బట్టల హడావిడి నడుస్తోంది. ఉండలు ఈ ఉత్తరంతోపాటే పార్శిల్ చేస్తున్నాను. నువ్వు చెప్పినట్టే ఎడమది పెద్దది. ఆరోగ్యం జాగ్రత్త. వేడినీళ్ళు తాగుతూ ఉండు. నువ్వు లేకపోతే మామ్మ లేదు, నాకు తెలుసు. ఎవరేమన్నా మనసులో పెట్టుకోకు.

పిచ్చుకకి ఆఫీసులో పని ఎక్కువగా ఉందిట. వస్తుందిలే.

నవ్వు గురించి అంత వివరంగా రాసినందుకు చాలా సంతోషం.

నీ చెల్లి

*

నా గది
ఆగస్టు

చెల్లికి,

పార్శిల్ అందింది. రికార్డింగ్‌కి ముందు విప్పి, ఉండలు బుగ్గల్లో పెట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. మొదటి తిట్టుకే ఎడమది జారి గొంతుకి అడ్డం పడింది. దారం పట్టుకుని లాగి బయటికి తీసుకునేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. అద్దం అవతల అంతా లేచి నిలబడ్డారు.

తర్వాత కూచుని ఆ రెండు ఉండల్నీ చూశాను. చిన్నవి. నున్నగా, ముద్దుగా ఉన్నాయి. దవడపళ్ళు అన్నీ ఉన్న నోటికి సరిపోయే సైజు. నాకు ఆ సైజు తెలుసే. మొట్టమొదట కాగితం ఉండలు పెట్టుకుంటే కరిగిపోయి, దూది పెట్టుకుంటే నాలుకకి అతుక్కుపోతే, కుట్టు నేర్చుకుంటున్న నువ్వు ఒక మధ్యాహ్నం నా నోరు తెరిపించి, వేలు పెట్టి కొలిచి కుట్టావే, సరిగ్గా ఆ సైజు. అప్పుడు నా వయసు ఎంతో ఇప్పుడు నీ కూతురి వయసు అంత.

ఎవరి నోటికి కుట్టావివి?

రెండు పార్శిళ్ళు ఒకే రోజు కట్టి ఉంటావు. ఒకదానిమీద రాయాల్సిన చిరునామా ఇంకోదానిమీద రాసి ఉంటావు. నావి దానికి చేరి ఉంటాయి. అంత పెద్దవి నోట్లో పట్టక అది హాస్టల్లో కూచుని ఏడుస్తూ ఉంటుంది. ఏడవనీ.

ఆఫీసు! ఏదో ఆఫీసు! ఊరికే అడిగావు నవ్వు సంగతి! నేను వెర్రిదాన్నై ఉమ్మి దగ్గర్నుంచి దగ్గు దాకా విడమరచి రాశాను. నా నోట్లో చెయ్యి పెట్టి గొంతు తీసుకుపోయావు. జనం మీద అసహ్యం నాకు పాతదే, అలవాటైపోయింది. నీ మీద ఇలాంటిది పుడుతుందని కల్లో కూడా అనుకోలేదు. నీ ఉత్తరాలు పట్టుకోవాలన్నా ఒళ్ళు గగుర్పొడుస్తోంది. "నువ్వు లేకపోతే మామ్మ లేదు" అని ఏ మొహం పెట్టుకుని రాశావు?

ఉండలు ప్రొడ్యూసర్ బల్లమీద పడేసి వచ్చాను, తడివే. రేపటినుంచి రానని చెప్పాను. వాడు బతిమాలతాడేమో అని తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాను. "కింద పళ్ళ పెట్టె పక్కన మీ ఫోటో పెడతాం మేడమ్" అన్నాడు.

రాయకు. రావద్దు.

*

కుట్టు దుకాణం
సెప్టెంబరు

అక్కకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపేసేముందు చదువు.

అవును, పిచ్చుకే. కంగారులో చిరునామాలు తారుమారు చేసింది నేనే. ప్రొడ్యూసర్ మమ్మల్ని వెతుక్కుంటూ మేలో వచ్చాడు. మీ అక్క గొంతు అయిపోయింది, ఎలాగూ మార్చాలి, మీ వంశంలో ఎవరైనా ఉన్నారా అన్నాడు. మనది కాని నోట్లోకి మామ్మ పోవడం నాకు ఇష్టం లేకపోయింది. నీకు చెప్పాల్సింది. చెబితే ఏమంటావో తెలిసి చెప్పలేదు. దానికి నవ్వు రాక పరీక్షలో తప్పింది, అందుకే నిన్నడిగాను. దొంగతనమే. కాదనను.

కానీ ఒకటి వినక్కా. ఇన్నేళ్ళూ ప్రతి ఉత్తరంలో నువ్వు ఎవర్ని తిడుతూ వచ్చావు? వినేవాళ్ళని. వాళ్ళు వెర్రివాళ్ళు, మురికివాళ్ళు, వాళ్ళకి వైద్యం చేయించాలి. నేనెవర్ననుకున్నావు? నేనూ వాళ్ళలో ఒకదాన్నే. నీ అసహ్యం అంతా చదివి, మడిచి పెట్టుకుని, సాయంత్రం రేడియో పెట్టుకునేదాన్ని. మీ మరిదికి పని పోయి ఇంట్లో కూచున్న ఏడాది నీకు ఒక్క ముక్క రాయలేదు, గమనించావా? మామ్మకి మాత్రం రోజూ చెప్పుకున్నాను. రేడియో చప్పుడులో ఎవరికీ వినపడకుండా, పెదవులు కదిపీ కదపకుండా. "చెప్పవే, నేనెక్కడికి పోతాను" అనేది. అది నీ గొంతే, నాకు తెలుసు. ఆ గొంతు ఫోన్లో ఏనాడూ నాతో అలా మాట్లాడలేదు. నీ గదికి వస్తే "ఎందుకొచ్చావ్?" అంటావు. మామ్మా అదే అంటుంది. తర్వాత కూచోబెడుతుంది.

ఆవిడ గొప్పదని కాదక్కా మేం వినేది. ఎప్పుడు మెట్లెక్కినా ఉంటుందని. అంతకన్నా మాకు చెప్పడం చేతకాదు.

పిచ్చుక గొంతు పది రోజులుగా వస్తోంది. నీకు కోపం రావాలనే రాస్తున్నాను, మా దుకాణంలో ఎవరూ కనిపెట్టలేదు. కాజాల ఆవిడ "మామ్మకి జలుబు తగ్గినట్టుంది, గొంతు తేటపడింది" అంది. నేను మిషన్ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో నువ్వే అనుకో.

నీ చెల్లి

*

నా గది
అక్టోబరు, శనివారం

చెల్లికి,

నిన్ను క్షమించలేదు. ముందు ఆ సంగతి తెలుసుకుని తర్వాత చదువు.

ముప్పై అయిదేళ్ళు నేనొక జలుబునన్నమాట. తగ్గిపోయాను. ఎవరికీ ఏ బాధా లేదు. నీ కాజాల ఆవిడ చల్లగా ఉండాలి! ఆ వాక్యం చదివి ఉత్తరం గోడకేసి కొట్టాను. కాగితం కదా, గోడదాకా కూడా పోలేదు.

ఆ నాటిక నేను ఎప్పుడూ వినలేదని నీకు తెలుసు. నా ఉమ్మి చప్పుడు నేను వినడమెందుకని ఆ వేళకి రేడియో కట్టేసేదాన్ని. ఈ వారం పెట్టాను. బాగా తిట్టుకోవచ్చని పెట్టాను. తప్పులన్నీ ఏరి ప్రొడ్యూసర్ మొహాన కొట్టాలని కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ కూచున్నాను.

తప్పులున్నాయి. నీళ్ళ తిట్టు మరీ తొందరగా తిడుతోంది. మెట్లు ఎక్కి వచ్చినవాళ్ళ ఆయాసం తగ్గేదాకా ఆగాలి కదా, ఆగడం లేదు. నవ్వు ముందు మింగింది. నేను రాసినట్టే, మైకుకి వినిపించేలా మింగింది. ఆ చప్పుడు వినగానే నా గొంతులో నేను మింగాను. ఒళ్ళంతా చీదర పుట్టింది. లేచి కట్టేద్దామనుకున్నాను.

అప్పుడే కింది వాటా కోడలు మెట్లెక్కి వచ్చి ఏదో నసుగుతోంది. మామ్మ కసిరింది. కసిరి, కాస్త ఆగి, "ఆఁ, చెప్పవే. నేనెక్కడికి పోతాను!" అంది.

ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో నాకే తెలీదు. నాతో ఎవరూ అనలేదే. ఒక్కరూ అనలేదు. పిచ్చుక అందని నాకు తోచలేదు, నేను రాసిపెట్టిన తీరున అందని కూడా తోచలేదు. మేడమీద ఎవరో ముసలావిడ ఉంది, అడిగింది, అంతే.

చెప్పాను.

గదిలో ఒక్కదాన్నే కూచుని, పైకే చెప్పాను. "మా చెల్లి ఏం చేసిందో చూశావా మామ్మా? నాకొక్క మాట చెప్పలేదు మామ్మా" అని మొదలుపెట్టి, నాటిక అయిపోయి వార్తలు వస్తున్నా ఆపకుండా చెప్పాను. నా సొంత గొంతుతో చెప్పాను. డాక్టరు వద్దన్న గొంతు. వార్తలు చదివేవాడికి కూడా కొంత చెప్పి ఉంటాను. ముక్కు తుడుచుకుని అద్దంలో చూసుకుంటే, బస్టాపు పెద్దమనిషి మొహమూ నా మొహమూ ఒక్కలాగే ఉన్నాయి. పళ్ళు పంపినవాళ్ళ సంగతి కూడా ఇక ఏ నోటితో అనగలను? చూసుకున్నకొద్దీ అసహ్యమేసింది. మర్నాడు మళ్ళీ పెట్టాను.

ఇప్పుడు పని సంగతి. పిచ్చుకకి నువ్వు కుట్టిన ఉండల్లో ఎడమది జారుతోంది. "స" అన్నప్పుడల్లా తడి చప్పుడు వస్తోంది, నీకు వినపడదు, నాకు వినపడుతుంది. ఎడమది ఒక పొర పెంచు. దారం పొట్టిగా వేశావు. పొడుగ్గా వేసి పెదవి చివర బయటికి వదలమను, గొంతులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది, నాకు వచ్చింది. ఉండలు ప్రతిరోజూ వేడినీళ్ళలో ఉడకబెట్టుకోమను. నా గ్లాసు వాడొద్దని చెప్పు. తిట్టేముందు ఆగడం ఉత్తరంలో రాస్తే రాదు. నేర్చుకోవాలంటే నా గది మెట్లెక్కి రావాలి. వస్తే "ఎందుకొచ్చావ్?" అంటాను. అంటాననే చెప్పు. అన్నాక కూచోమను.

నువ్వు మాత్రం ఇప్పుడే రాకు. నీకు ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి, అవి ముందు మామ్మకి చెప్పి తేలిక చేసుకోవాలి.

ఇవాళ శనివారం. రేపు మామ్మ రాదు. పొద్దుట్నించీ రెండుసార్లు రేడియో తుడిచాను. సోమవారం సాయంత్రం దాకా ఏం చెయ్యాలో ఏమీ తోచడం లేదు.

ఛీ.

అక్క